ఒక విమానంలో పగులు దొరికితే మిగతావాటి మాటేమిటి: ఫ్లీట్ రిస్కు లెక్కగట్టే పని, మెట్టు మెట్టుగా

సాలూరులో లారీ షెడ్లున్న వైపు ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. బండి లోపలికి రాగానే కిందికి దూరేవాడు కాదు. ముందు డ్రైవర్ని అడిగేవాడు: "ఏ మోడలు బాబూ? రాయి తోల్తన్నావా, ధాన్యమా?" జవాబు విని, బల్బు పట్టుకుని, ఛాసిస్ కింద తిన్నగా ఒక చోటికే వెళ్లేవాడు. చాలాసార్లు పగులు అక్కడే ఉండేది. ఆ మోడలు బండి, ఆ రకం లోడుతో, ఆ ఘాట్ రోడ్డు మీద తిరిగితే ఎక్కడ చీలుతుందో ఆయనకి ముందే తెలుసు. తన ముందున్న లారీని చూస్తూనే, అంతకుముందు తన షెడ్డుకొచ్చిన వందల లారీలని కూడా చూస్తున్నాడన్నమాట.

విమానాల స్ట్రక్చర్స్, అంటే విమానం ఒంటి బలం చూసే పనిలో నేను చేసేదీ అదే: ఒక్క విమానాన్నే కాదు, ఫ్లీట్‌ని, అంటే ఆ రకం విమానాలన్నిటినీ కలిపి చూడటం. కాకపోతే ఆయన బుర్రలో పెట్టుకున్నది మేం కాగితం మీద పెడతాం. పోయిన దసరాకి విజయనగరంలో మా మేనల్లుడు, ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు) కోర్సు చదువుతున్నవాడు, అడిగాడు: "మావయ్యా, పగులు దొరికితే రిపేర్ చేసేస్తారు కదా, ఇంక ఈ రిస్కు లెక్క దేనికి?" పగులు దొరికిన విమానం హ్యాంగర్లో నిలబడి ఉంది, దాంతో ఎవరికీ ప్రమాదం లేదు. పగులుండీ ఇంకా దొరకని విమానం ఈ క్షణాన గాల్లో ఉంది. లెక్క దానికోసం.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో విమానాశ్రయం కట్టడం మొదలైన దగ్గర్నుంచి మన వైపు ఈ చదువుల్లోకి వెళ్లే పిల్లలు కనిపిస్తున్నారు. వాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇది పద్ధతి తెలియడానికి మాత్రమే. సంతకం పెట్టే అధికారం లైసెన్సున్నవాళ్లది, ఆమోదించే అధికారం తయారీ సంస్థదీ, మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏదీ.

మొదటి మెట్టు: కొలవండి, పేరు తర్వాత పెట్టండి

విమానం ఒళ్లు మూడు దారుల్లో చెడుతుంది. ఒకటి అలసట, మా భాషలో ఫెటీగ్. రెండోది తుప్పు. మూడోది బయటి దెబ్బ: పిట్ట, పిడుగు, వడగళ్లు, నిచ్చెన, క్యాటరింగ్ బండి. ఈ మూడూ ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కుతాయని గుర్తుంచుకోవాలి. బయటి దెబ్బ వల్ల పడిన గీత దగ్గర అలసట మొదలవుతుంది. తుప్పు తిని పల్చబడిన రేకు త్వరగా అలిసిపోతుంది.

అలసట అంటే ఏమిటో ఒక అంకెతో చెబుతాను. విమానం పైకి వెళ్లినప్పుడు లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా చదరపు అంగుళానికి దాదాపు 8 పౌండ్లు ఎక్కువ ఉంటుంది. చిన్న అంకెలా ఉంటుంది కదా. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అంటే మన ఇంటి తలుపంత రేకు తీసుకుని గుణిస్తే తొమ్మిది టన్నులు దాటుతుంది. తలుపంత చోటుని ఒక లోడు లారీ లోపల్నుంచి తోస్తున్నట్టు. దిగగానే ఆ తోపు పోతుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ వస్తుంది. ఇలా ఒకసారి ఎక్కి దిగడాన్ని ఒక సైకిల్ అంటాం. అందుకే బాడీ వయసు సంవత్సరాల్లోనో గంటల్లోనో చెబితే సరిపోదు. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి ప్రతి ఊళ్లో ఆగుతూ వెళ్లే పల్లెవెలుగు బస్సు బ్రేకులు, అదే దూరం ఆగకుండా వెళ్లే బస్సు బ్రేకులు ఒకేలా అరగవు. గంటంబావు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ప్రయాణం) రోజుకి ఆరు తిరిగే విమానం, ఒకే దూకుకి లండన్ వెళ్లే విమానం కన్నా చాలా తొందరగా ముసలిదైపోతుంది.

ఇక కొలత. స్టేషన్ నంబరు (విమానం పొడవులో ఎక్కడో చెప్పేది), స్ట్రింగర్ నంబరు (రేకు వెనక పొడుగునా ఉండే బద్దలది), ఎడమా కుడా, పొడవు, వెడల్పు, లోతు, ఏ దిక్కుగా ఉంది, దగ్గర్లోని రివెట్ల వరసకీ, పక్కటెముక లాంటి ఫ్రేముకీ ఎంత దూరం, పక్కన పాత రిపేర్ ఉందా. స్కేలు పక్కన పెట్టి ఫోటో. సొట్ట అయితే లోతు ఒక్కటే రాసి వదిలేసేవాళ్లని చూశాను. లోతు కన్నా అంచు ముఖ్యం. గిన్నెలా నున్నగా లోపలికి పోయిన సొట్ట కొంత నయం. కాగితం మడత పెట్టినట్టు పదునుగా తిరిగిన సొట్ట చిన్నదైనా నమ్మకూడదు, ఆ మడతలోనే చీలిక పుడుతుంది. వేలి కొసతో అంచు చుట్టూ మెల్లగా తడమండి. కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది.

నేను ట్రైనీగా ఉన్న రోజుల్లో, రాత్రి షిఫ్టులో, ల్యాప్ జాయింటు (ఒక రేకు అంచు ఇంకోదాని మీదికి ఎక్కే చోటు) మీది పాత సీలెంట్ గీకమన్నారు. ప్లాస్టిక్ స్క్రేపర్ కనబడలేదు. జేబులో స్టీలు బ్లేడుంది, దాంతో మొదలెట్టాను. జానెడు గీకానో లేదో మా సీనియర్ వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నారు. తిట్టలేదు. "గోరు పెట్టి అడ్డంగా లాగు" అన్నారు. గోరు సన్నటి గీతలో టక్కుమని ఆగింది. రంగు మీది గీత అనుకున్నాను, రేకులోకి దిగింది. అలాంటి గీతలు జాయింటు వెంబడి పడి, ఏళ్ల తర్వాత పగుళ్లకి పుట్టిల్లయిన సంగతి పరిశ్రమకి బాగా తెలుసు. వాటికి స్క్రైబ్ మార్కులని పేరే ఉంది. ఆ రాత్రి ఆ ప్యానెల్ మొత్తం నాతోనే రాయించారు, ఎక్కడెక్కడ ఎంత లోతో. పొద్దున ఏడయింది.

తుప్పు గురించి మన తీరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరంలో కిటికీ ఊచలు ఎన్నేళ్లు ఉంటాయో అక్కడివాళ్లకే తెలుసు. అల్యూమినియం మాత్రం ఎర్రగా తుప్పు పట్టదు. తెల్లటి పొడి కక్కుతుంది. రెండు రేకులు అతికిన చోట లోపల ఆ పొడి పెరిగితే, రివెట్ల మధ్య రేకు కుట్టిన బొంతలా ఉబ్బుతుంది. టార్చి ఎదురుగా కొడితే ఏమీ కనబడదు. రేకుకి ఆనించి, ఏటవాలుగా వెలుతురు పడేలా పెడితే ఆ ఉబ్బులు నీడలతో సహా లేస్తాయి. టాయిలెట్ల కింద, గ్యాలీ (విమానంలో వంటగది) కింద, బాడీ అడుగున నీళ్లు చేరే చోట ముందుగా చూడాలి.

రెండో మెట్టు: పుస్తకం ఏమంటోంది, పాత అతుకు ఏమంటోంది

ప్రతి మోడలుకీ స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ ఉంటుంది. ఎస్ఆర్ఎం అంటాం. ఏ చోట ఎంత సొట్ట ఉండొచ్చు, ఎంత లోతు గీకి నున్నగా చేయొచ్చు, ఎప్పుడు రేకు మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి. హద్దు లోపల ఉంటే సరే. దాటితే తయారీ సంస్థకి రాయాలి. పుస్తకం సంగతి ఇంతే, ఇందులో తెలివి చూపించడానికేం లేదు.

తెలివి కావాల్సింది పాత రిపేర్ల దగ్గర. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 కూలి 520 మంది పోయారు. కారణం ఏడేళ్ల కిందటి అతుకు. 1978లో ఆ బోయింగ్ 747 తోక రన్‌వేకి గీరుకుంది. వెనక ప్రెషర్ బల్క్‌హెడ్ (లోపలి గాలి ఒత్తిడిని తోక వైపు ఆపే గోడ) బాగు చేసేటప్పుడు ఒకే పలకగా వెయ్యాల్సిన అతుకు రేకుని రెండు ముక్కలుగా వేశారు. దాంతో రెండు వరసల రివెట్లు మొయ్యాల్సిన బరువు ఒక్క వరస మీద పడింది. ఆ ఒక్క వరస 12 వేలకు పైగా సైకిళ్లు మోసింది, ఆ తర్వాత మొయ్యలేదు. చైనా ఎయిర్‌లైన్స్ 611దీ ఇలాంటిదే. 1980లో తోక గీరుకుంది, 2002 మే 25న గాల్లో విడిపోయింది, 225 మంది. గీతలు పడిన రేకుని కోసి తియ్యకుండా దాని మీదే డబ్లర్, అంటే అదనపు రేకు, కప్పేశారు. పైనుంచి చూసేవాడికి నీటుగా రివెట్లు కొట్టిన రిపేర్ కనిపిస్తుంది, పగులు దాని చాటున పెరుగుతుంది. ఇరవై రెండేళ్లు పెరిగింది.

కాబట్టి ఫ్లీట్లో పని చేసేవాళ్లు ముందుగా తయారు చేసుకోవాల్సింది రిపేర్ల చిట్టా. ఏ విమానం, ఎక్కడ, ఎప్పుడు, ఏ డ్రాయింగు ప్రకారం, అప్పటికి ఎన్ని సైకిళ్లు. వేరే దేశంలో, వేరే యజమాని దగ్గర పదేళ్లు తిరిగి లీజుకొచ్చిన విమానమైతే ఈ చిట్టాలో చిరిగిన పేజీలుంటాయి. కాగితం దొరకని అతుకుని లేని అతుకుగా కాకుండా అనుమానపు అతుకుగా లెక్క వెయ్యడం నా అలవాటు.

మూడో మెట్టు: ఒంటరి జబ్బా, వంశపు జబ్బా

ఇక్కడే సాలూరు మేస్త్రి ప్రశ్న మళ్లీ అడగాలి. ఏ మోడలు, ఏం తోలుతున్నావు? పగులుకి కారణం ఆ విమానానికి మాత్రమే జరిగిందా, నిచ్చెన తగలడం లాంటిది? లేక డిజైన్లో ఉందా, ఆ ఏడాది తయారైన బ్యాచ్‌లో ఉందా, వాడకంలో ఉందా? జవాబుని బట్టి లెక్కలోకి వచ్చే విమానాల సంఖ్య ఒకటి నుంచి వెయ్యికి మారిపోతుంది. పగిలిన ముక్కని ల్యాబుకి పంపడం ఇందుకే. అలసటతో తెగిన ముఖం మీద సముద్రపు ఒడ్డున ఇసుకలో అలలు వదిలిన చారల్లాంటి గుర్తులుంటాయి. అవి ఎక్కడ మొదలయ్యాయో చూస్తే పుట్టిన చోటు తెలుస్తుంది.

1977 మే 14న జాంబియాలోని లుసాకా దగ్గర డాన్ ఎయిర్ వాళ్ల బోయింగ్ 707 సరుకు విమానం దిగబోతూ కూలింది, ఆరుగురు చనిపోయారు. తోక దగ్గరి అడ్డ రెక్కలో వెనక స్పార్, అంటే రెక్క పొడుగునా బరువు మోసే దూలం, అలసటతో తెగింది. ఆ డిజైన్‌ని ఫెయిల్ సేఫ్ అనేవారు. ఒక భాగం తెగినా పక్కది మోస్తుందని దానర్థం. మోస్తుంది, కానీ తెగిందని ఎవరో చూసేదాకే మోస్తుంది. ఆ చోట చూసే తనిఖీ సరిగా లేదు. ప్రమాదం తర్వాత అదే రకం తోక ఉన్న 521 విమానాలు చూస్తే 38లో పగుళ్లు కనిపించాయి. ఒక్కటి కూలింది కనుక 38 దొరికాయి. మన పని ఆ వరస తిరగెయ్యడం: కూలకముందే వెతకడం.

ఆ తిరగెయ్యడం 2019లో చాలావరకు జరిగింది. సరుకు విమానంగా మార్చడానికి విప్పిన ఒక బోయింగ్ 737 ఎన్‌జీలో రెక్కనీ బాడీనీ కలిపే ముక్క దగ్గర పగులు కనిపించింది. దాన్ని పికిల్ ఫోర్క్ అంటారు. (పేరు చూసి నవ్వొద్దు, ఊరగాయ గుచ్చే ముల్లులా ఉంటుందని అలా పిలిచారు. మనమైతే ఆవకాయని చేత్తోనే తీస్తాం.) ఎవరూ గాయపడకుండానే ఫ్లీట్ మొత్తం వెతుకులాట మొదలైంది. అక్టోబర్ 10 నాటికి 810 విమానాలు చూస్తే పగుళ్లున్నవి 38. మళ్లీ అదే అంకె రావడం యాదృచ్ఛికమే గాని, నేను మాత్రం రెండూ కలిపి గుర్తు పెట్టుకున్నాను.

నాలుగో మెట్టు: పగులు లేనివాటినీ లెక్కపెట్టండి

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఐదు విమానాల్లో పగులు దొరికింది. వాటి సైకిళ్లు 41 వేలు, 44 వేలు, 47 వేలు, 52 వేలు, 55 వేలు అనుకుందాం. సగటు తీసి "సుమారు 48 వేల దగ్గర పగులుతుంది" అని రాసేస్తారు. మరి చూసి, పగులు లేదని తేలిన విమానాలెన్ని? 50 వేలు దాటి కూడా శుభ్రంగా ఉన్నవి ముప్పై ఉంటే ఈ కథ వేరు. ఒక్కటీ లేకపోతే కథ ఇంకా వేరు. పగులు లేని విమానం కూడా ఒక కబురు చెబుతోంది: "నేను ఇంత దూరం వచ్చాను, ఇంకా బాగానే ఉన్నాను." ఆ కబురు పారేస్తే లెక్క ఒకసారి భయపెడుతుంది, ఇంకోసారి నిద్రపుచ్చుతుంది.

దీనికి వాడే పనిముట్టు వీబుల్ విశ్లేషణ. దాని గణితం ఏ సాఫ్ట్‌వేరైనా చేసి పెడుతుంది. మీరు చూడాల్సింది ఒక్క అంకె, దాన్ని బీటా అంటారు. అది ఒకటి దగ్గరుంటే వయసుతో సంబంధం లేని చెడుపు, నిచ్చెన దెబ్బ లాంటిది, కొత్త విమానానికైనా రావచ్చు. ఒకటి కన్నా బాగా ఎక్కువుంటే వయసుతో పాటు ముదిరే జబ్బు. అప్పుడు ఫ్లీట్‌ని సైకిళ్ల ప్రకారం వరసలో నిలబెట్టాలి, ముసలివాటి నుంచి మొదలుపెట్టాలి. ఒకటి కన్నా తక్కువైతే పుట్టుకలోనే తేడా, కొత్త బ్యాచ్‌ని అనుమానించాలి.

ఇంకొకటి. పగులు 44 వేల దగ్గర దొరికిందంటే 44 వేల దగ్గర పుట్టిందని కాదు. అప్పుడు చూశారు కాబట్టి దొరికింది. దాని పొడవు కూడా కాగితంలో ఉండాలని మొదటి మెట్టులో చెప్పింది ఇందుకే. పొడవు తెలిస్తే వెనక్కి లెక్కేసి ఎప్పుడు పుట్టిందో అంచనా వెయ్యొచ్చు.

ఐదో మెట్టు: కంటికి ఆనడం నుంచి తెగడం దాకా ఎంత వ్యవధి

నన్నడిగితే మొత్తం పనిలో గుండెకాయ ఇదే.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఒక మాట అడుగుతాను. పూజారి అంత ఎత్తున కూర్చునే ఆ చింతమానుని పోయినేడాదిది మళ్లీ వాడతారా? వాడరు, ఏటా కొత్త మాను తెస్తారు. లోపల బీట ఉందో లేదో చూసే పని లేకుండా, ఒక గడువు పెట్టి మార్చేస్తారు. విమానంలో ల్యాండింగ్ గేర్‌ది ఈ పద్ధతే. ఇన్ని ల్యాండింగులు అయ్యాయంటే, పగులు ఉన్నా లేకున్నా, తీసేస్తారు. సేఫ్ లైఫ్ అంటారు. కానీ బాడీనీ రెక్కల్నీ ఏటా మార్చలేం. వాటికి ఇంకో పద్ధతి. పగులు ఉంటుందనే అనుకుని, అది ప్రమాదం అయ్యేలోపు దొరికేలా తనిఖీలు పెట్టడం. డ్యామేజ్ టాలరెన్స్ అంటారు. లుసాకా తర్వాత 1978లో అమెరికా నిబంధనల్లోకి వచ్చింది.

ఇందులో రెండు పొడవులు తెలియాలి. మనం వాడే పద్ధతికి నమ్మకంగా దొరికే పొడవు ఒకటి. ఇంకా పెరిగితే మామూలు ప్రయాణంలో రాగల గరిష్ఠ బరువుని కూడా మొయ్యలేని పొడవు రెండోది. ఆ గరిష్ఠ బరువుని లిమిట్ లోడ్ అంటాం. కొత్త విమానాన్ని దానికి ఒకటిన్నర రెట్లు మోసేలా కడతారు. పగులు ఆ అర రెట్టు మిగులునే తినేస్తూ ఉంటుంది.

ఉదాహరణకి ఒక బొమ్మ లెక్క, అంకెలు ఊహించినవే. ఎడ్డీ కరెంట్ ప్రోబుతో (రేకులో చిన్న కరెంటు పుట్టించి పగులు పట్టే పరికరం) 3 మిల్లీమీటర్ల పగులు దొరుకుతుంది. కంటితో అయితే 25 దాకా పెరిగితేగాని ఆనదు. 60 దగ్గర ప్రమాదం. 3 నుంచి 60కి చేరడానికి 12,000 సైకిళ్లు పడుతుందనుకుందాం. పొడవుతో పాటే పెరిగే వేగమూ పెరుగుతుంది కాబట్టి, 3 నుంచి 25 దాకా నడవడానికే 10,100 సైకిళ్లు పోతాయి. 25 నుంచి 60కి మిగిలేవి 1,900 మాత్రమే. ఒక తనిఖీలో తప్పిపోయినా ఇంకో తనిఖీలో దొరికేలా ఆ వ్యవధిని కనీసం సగం చెయ్యాలి. రోజుకి ఆరు సెక్టార్లు తిరిగే విమానాన్ని ప్రోబుతో చూస్తే 6,000 సైకిళ్లకోసారి, అంటే వెయ్యి రోజులకోసారి చూడొచ్చు. కంటితోనే సరిపెట్టుకుంటే 950 సైకిళ్లకోసారి, అయిదు నెలలకోసారి చూడాలి. "ప్రోబు ఖరీదు, టార్చి చవక" అనే మేనేజర్‌కి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి.

దొరుకుతుంది అనే మాటకి కూడా కొలత ఉంది. పది పగుళ్లలో తొమ్మిది దొరికే పరిమాణం ఎంతో, ఆ మాటని 95 శాతం నమ్మకంతో చెప్పగలిగితే, దాన్ని ఆ పద్ధతి పరిమాణంగా తీసుకుంటారు. నూటికి డెబ్బై పట్టుకునే తనిఖీ రెండుసార్లు చేస్తే తప్పిపోయేవి నూటికి తొమ్మిదికి తగ్గుతాయని పుస్తకం లెక్క. ఆ లెక్క నిజం కావాలంటే రెండో తనిఖీకి మొదటిదాని ప్రభావం ఉండకూడదు. అదే మనిషి, అదే రాత్రి రెండు గంటలకి, అదే బ్రాకెట్ అడ్డొచ్చే చోట, పోయినసారి ఏమీ లేదన్న ధీమాతో చూస్తే అది రెండో తనిఖీ ఎలా అవుతుంది?

హనీకూంబ్ ప్యానెళ్లకి (రెండు పల్చటి పొరల మధ్య తేనెపట్టు గదుల్లాంటిది ఉన్నవి) ఇప్పటికీ తట్టి వినడమే తొలి పరీక్ష. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇంటికి మా మేనల్లుణ్ని తీసుకెళ్లాను. పనస కొయ్య మీద వేలి కణుపుతో తట్టి వినమన్నాను. కణకణమనే చోటుకీ మొద్దుగా మోగే చోటుకీ తేడా వాడి చెవికి పది నిమిషాల్లో పట్టుబడింది. ప్యానెల్లో పొర ఊడిన చోట కూడా అంతే, గొంతు మారుతుంది. ఏసీ ప్లాంటు హోరులో ఆ పరీక్ష చెయ్యొద్దు.

కార్బన్ ఫైబర్ బాడీ వచ్చాక మరో చిక్కు. బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిటే, అంటే ఇలా పీచునీ జిగురునీ పొరలుగా కలిపి చేసిందే. దాన్ని బండి గుద్దితే సొట్ట తిరిగి పొంగిపోయి, పైన ఏమీ జరగనట్టే ఉండొచ్చు, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. ఒకసారి ఒక క్యాటరింగ్ బండి డ్రైవర్ "చిన్నగా ఆనింది సార్, రంగు కూడా పోలేదు" అని తనే వచ్చి చెప్పాడు. అల్ట్రాసోనిక్‌తో (చెవికి వినబడని శబ్దంతో లోపల చూసే పరీక్ష) చూస్తే అరచెయ్యంత మేర పొరలు లేచి ఉన్నాయి. ఆ కుర్రాడికి మెమో ఇద్దామన్నారు ఒకరు. ఇచ్చి ఉంటే మర్నాటి నుంచి ఎవరూ వచ్చి చెప్పేవారు కాదు. మా లెక్కల్లో అత్యంత చవకైన సెన్సర్ ఆ డ్రైవర్ నోరు.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా 243 బాడీ పైకప్పు పద్దెనిమిది అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ కొట్టుకుపోయారు, మిగతావాళ్లతో విమానం దిగింది. దీవుల మధ్య చిన్న చిన్న గెంతులు, ఉప్పు గాలి, 89,680 సైకిళ్లు. డిజైన్ లక్ష్యం 75,000. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది, ఎవరికీ చెప్పలేదు. ఇంజినీర్లకి దీన్నుంచి వచ్చిన దెబ్బ ఇంకొకటి. ఒకే పగులు పెరుగుతుందని వేసిన లెక్క అక్కడ చెల్లలేదు. జాయింటులో రేకుల్ని అంటించిన జిగురు ఊడి, వరసలోని రివెట్ రంధ్రాలన్నిట్లో పుట్టిన బుల్లి పగుళ్లు ఒక్కసారి చేతులు కలిపాయి. విడిగా చూస్తే ఏదీ ప్రమాదపు పొడవు కాదు. మీ పగులు రివెట్ల వరసలో ఉంటే, పక్క రంధ్రాల్లో ఏముందో తెలిసేదాకా పైన వేసిన బొమ్మ లెక్కని వాడకండి.

ఆరో మెట్టు: గొలుసు గుణకారం

ఇప్పుడు రిస్కు. పగులు ఉండే అవకాశం, అది తనిఖీలో తప్పిపోయే అవకాశం, ప్రమాదపు పొడవు చేరే అవకాశం, చేరాక అది నిజంగా ప్రాణాల మీదికొచ్చే అవకాశం. ఒకదాన్నొకటి గుణించుకుంటూ పోవాలి. రవాణా విమానాల కోసం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2011లో ఇచ్చిన టారమ్ అనే చేతిపుస్తకం ఈ గొలుసునే పద్ధతిగా పెట్టింది. ఫ్లీట్ మొత్తానికి రిస్కు ఎంత, ఒక్క విమానానికి ఎంత అని విడివిడిగా చూడమంటుంది.

విడివిడిగా ఎందుకో మరో బొమ్మ లెక్క. 120 విమానాల ఫ్లీట్. 20 ముసలివి, ఏమీ చెయ్యకపోతే ఏడాదిలో పగులు ప్రమాదపు పొడవు చేరే అవకాశం ఒక్కోదానికి 2 శాతం. మిగతా 100కి 0.01 శాతం చొప్పున. చేరితే పదింట ఒకటి పెద్ద ప్రమాదం అవుతుందనుకుందాం. ఏడాదికి ఒక్కోటి 2,500 గంటలు ఎగురుతుంది. ఫ్లీట్ సగటు తీస్తే కోటి గంటలకి 1.4 ప్రమాదాలు. మీరు పెట్టుకున్న హద్దు కోటికి ఒకటి అయితే, "కాస్తే దాటింది, చూద్దాంలే" అనిపిస్తుంది. ముసలివాటిని వేరు చేసి లెక్కేస్తే కోటి గంటలకి 8. చిన్నవాటికి వంద కోట్ల గంటలకి 4. సగటు విమానం అనేది ఏ గేటు దగ్గరా నిలబడి ఉండదు. ప్రయాణికుడు ఎక్కేది ముసలిదో, చిన్నదో.

ప్రతి అంకె పక్కనా అది ఎక్కణ్నుంచి వచ్చిందో రాయండి: కొలిచింది, పరీక్షలో వచ్చింది, నలుగురు కూర్చుని ఊహించింది. తర్వాత ఊహించినవాటిని ఒక్కొక్కటే మూడు రెట్లు పెంచి చూడండి. ఏది పెంచితే నిర్ణయం మారిపోతోందో దానికోసమే డబ్బు ఖర్చు పెట్టాలి.

లెక్క ఉన్నంత మాత్రాన విమానం ఆగదని కూడా చూశాం. 2018 అక్టోబర్‌లో లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ కూలాక ఎఫ్ఏఏ ఈ పద్ధతిలోనే లెక్కేసింది. ఏమీ సరిదిద్దకపోతే ఫ్లీట్ జీవితకాలంలో 15 ప్రమాదాలు జరగొచ్చని తేలింది. అది స్ట్రక్చర్ జబ్బు కాదు, సాఫ్ట్‌వేర్ జబ్బు. దిద్దుబాటు వచ్చేలోపు పైలట్లకి హెచ్చరిక చాలుననుకున్నారు. 2019 మార్చి 10న రెండోది కూలింది. మధ్యకాలంలో ఏం చేస్తాం అన్నదాన్ని కూడా అదే గొలుసులో పెట్టి, అంతే కఠినంగా గుణించాలి.

ఏడో మెట్టు: ఎవరిని ఎప్పుడు ఆపాలి

నిర్ణయం అంటే ఆపడం, వదిలెయ్యడం అని రెండే కాదు. 2019లో పికిల్ ఫోర్క్‌కి ఇచ్చిన ఆదేశం చూడండి. 30,000 సైకిళ్లు దాటినవాటిని ఏడు రోజుల్లో చూడమన్నారు. 22,600 నుంచి 29,999 మధ్యవాటిని తర్వాతి 1,000 సైకిళ్లలోపు. ముసలివాటికి గడువు రోజుల్లో, నడివయసువాటికి సైకిళ్లలో. అలాంటి ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే నియంత్రణ సంస్థ ఇచ్చే తప్పనిసరి ఆదేశం, వచ్చాక ఆపరేటర్‌కి, అంటే విమానాలు నడిపే సంస్థకి, ఇష్టాయిష్టాలుండవు. అది వచ్చేలోపే ఆపరేటర్ చెయ్యగలిగినవి కొన్నున్నాయి. ముసలి విమానాన్ని పొట్టి సెక్టార్ల నుంచి పొడుగు సెక్టార్లకి మార్చొచ్చు. రిపేర్ చోటికి తీసుకెళ్లడానికి అనుమతి తీసుకుని, ప్రయాణికులు లేకుండా, ప్రెషర్ ఎక్కించకుండా, తక్కువ ఎత్తులో నడపొచ్చు. పగులు కొసన సన్నటి రంధ్రం వేసి పరుగు ఆపే చిట్కా సాలూరు మేస్త్రికీ తెలుసు, మాకూ తెలుసు. ఆయన దాని మీద వెల్డింగ్ కొట్టి రోడ్డెక్కించేవాడు. మేం మాన్యువల్ ఒప్పుకున్న చోటే రంధ్రం వేస్తాం, ఆ చోటికి తనిఖీ గడువు రాస్తాం, రేకుకి వెల్డింగ్ జోలికి పోం.

ఎనిమిదో మెట్టు: ఖాళీ కాగితం

తనిఖీ ఆదేశం వెళ్లాక కాగితాలు తిరిగొస్తాయి. పగులు దొరికినవాళ్లు ఆ రాత్రే ఫోన్ చేస్తారు. దొరకనివాళ్లు చాలామంది అసలు పంపరు. "ఏమీ లేదు కదా, ఏం రాయాలి?" అంటారు. నాలుగో మెట్టు చదివారు కదా, మీరు పంపండి. విమానం సీరియల్ నంబరు, ఆ రోజుకి సైకిళ్లు, గంటలు, ఏ పద్ధతితో చూశారు, ప్రోబు క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) తేదీ, ఎడమ కుడి రెండూ చూశారా, చూడలేకపోయిన చోటేదైనా ఉందా. ఆ చివరి గడి ఖాళీగా వదలొద్దు. బ్రాకెట్ అడ్డొచ్చి రెండు రివెట్లు కనబడకపోతే ఆ రెండు రివెట్ల నంబర్లు రాయండి. మిగతాదానికి "పగులు లేదు" అని రాసి, సంతకం పెట్టి, షిఫ్టు దిగేలోపు పంపండి.